చిక్కమ్మ చలికాలం

పాముల గది కడిగే ముందు నేను అద్దానికి చెంప ఆనించి చూస్తాను. లోపల ఎంత వేడి ఉందో చెంపకు తెలుస్తుంది. మదనపల్లె కొండదారిలో ఉన్న పాముల కేంద్రంలో ఊడ్చి కడిగే పని నాది. అక్కడున్న ఆడ కొండచిలువకు చిక్కమ్మ అని నేనే పేరు పెట్టుకున్నాను. మూడేళ్లుగా మగదాన్ని జత చేసినా గుడ్లు లేవు. ఆ రోజు డాక్టరు శివకుమార్ సారు కాగితాలు సర్దుతూ, "ఇది గొడ్డుది వసంతమ్మా. వచ్చే ఏడు వేరే జూకి పంపేస్తాము" అన్నాడు.

తడిగుడ్డ నా చేతిలోనే ఆగిపోయింది. పెళ్లయిన మొదటి అయిదేళ్లూ పిల్లలు లేరని పుంగనూరులో మా అత్త వడ్డించేటప్పుడల్లా, "గొడ్డుదానికి ముద్ద యాలనో" అనేది. పొద్దున పొయ్యి, పగలంతా పట్టుపురుగుల గది. చలేస్తే కుంపటి పెట్టేదాన్ని, ఎండ ముదిరితే గోనెలు తడిపి కట్టేదాన్ని. చదువు లేదు కదా, చెంపే నా థర్మామీటరు. పట్టుగూళ్లు బాగా దిగితే ఊళ్లో అందరూ మునిరత్నం గూళ్లు అనేవాళ్లు. మునిరత్నం మా ఆయన. "పురుగుకు ఎంత ఎచ్చన కావాల్నో తెలుస్తాది, ఊరిబిండి పచ్చడికి ఎంత ఉప్పు కావాల్నో తెలీదు దీనికి" అని పదిమందిలో నవ్వేవాడు. ఆరో ఏట కూతురు పుడితే పదకొండో రోజున మళ్లీ పొయ్యి ముందున్నాను. ఆ కూతురికి పెళ్లి చేసి పంపి, పట్టుపురుగులు మానేశాకే ఈ పనికి వచ్చాను.

"సారూ, దీనికి మార్గశిరం యాడుండాది?" అన్నాను. "బయట చలి కొడతాండాది. ఈడ ఏడాదంతా ఎచ్చన దీపాలు, ఏడాదంతా ఎండాకాలమే. పట్టుగుడ్లనైనా చలిలో పెట్టినాకే కదా ఎచ్చనకు తెస్తారు."

"చలికి జబ్బు చేస్తే?"

"అడివిలో దానికి ఎవురు దీపం పెట్టినారప్పా?"

సారు నవ్వలేదు. రెండు రోజులు పుస్తకాలు తిరగేసి, దీపాలు కొద్దికొద్దిగా తగ్గించమన్నాడు. మేత ఆపాము. పగలు కాస్త ఎండ, పొద్దుగూకితే కిటికీలోంచి కొండగాలి. చిక్కమ్మ చుట్ట చుట్టుకుని కదలకుండా పడుకుంది. పని అయ్యాక నేను దాని పక్కన అద్దానికి ఆనుకుని కూర్చునేదాన్ని. మంచు లోపలికి వచ్చేది. నా రెప్పలు బరువెక్కేవి. కుప్పం దగ్గర మా నాయన రాగిచేలో చల్లటి బండ మీద, ఎనిమిదేళ్ల పిల్లనై వెల్లకిలా పడుకున్నట్టుండేది. ఎవరూ పిలవరు. ఎవరికీ వడ్డించనక్కర లేదు. ఒళ్లు మెల్లగా చల్లబడి, చాలాకాలానికి నాదైనట్టుండేది.

పుష్యంలో మగదాన్ని వదిలారు. ఎండలు ముదిరేసరికి చిక్కమ్మ ముప్పై ఒక్క గుడ్ల చుట్టూ చుట్టుకుని కూర్చుంది. సారు అద్దం దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "గొడ్డుది కాదమ్మా. మేమే దానికి చలి తగలనీలేదు" అన్నాడు.

ఇంటికి వచ్చి ఆ మాట మా ఆయనకు చెప్పాను.

"పాముకు పురుడు పోసినావులే. పోయి సంగటి కెలుకు" అన్నాడు.

కెలికి, ముద్ద చేసి, ఆయన ముందు పెట్టి చెప్పాను. "వచ్చే మార్గశిరానికి నేను కుప్పంలో మా చెల్లెలు బుజ్జమ్మ ఇంటికి పోతాండాను. రెండు నెలలు."

"యాలకు?"

"ఊరికే. పండుకునేదానికి."

ఆయన చేతిలో ముద్ద ఆగింది. "మరి నాకు కూడు?"

"చిక్కమ్మ రెండు నెలలు తినలేదు," అన్నాను. "ఏమీ కాలేదు."