నారాయణగూడ వైపు చూసే పిల్ల

పొద్దున్నే సమ్మక్క కాళ్లు చాపుకుని మనవరాలికి నూనె రాసి నీళ్లు పోసేది. ఎటు తిప్పి పడుకోబెట్టినా ఆ పసిగుడ్డు మెడ నారాయణగూడ వైపే తిరిగేది. అశోక్‌నగర్ గల్లీలో దానికెవరూ ఆశ్చర్యపోలేదు. పసిపిల్లలు తమ మావి ఉన్న దిక్కే చూస్తారని అందరికీ తెలిసిందే.

ఊళ్లో అయితే బిడ్డ వెంట పడిన మావిని పెరట్లో పాతిపెట్టేవారు, పిల్లలు ఇంటి మొహమే చూస్తూ పెరిగేవారు. సమ్మక్క కొడుకు నాగేందర్ గ్రూప్స్‌కు చదువుకుంటూ కిరాయికున్నది మూడో అంతస్తులో. "పాతెయ్యనీకి జాగేది?" అని దాన్ని ఆస్పత్రిలోనే వదిలేసి వచ్చాడు. చదువు ఎక్కువైతే తెలివి అలాగే ఉంటుంది మరి. ఆస్పత్రివాళ్లు దాన్ని నారాయణగూడలోని ఒక పరిశోధన కేంద్రానికి పంపారు.

నాగేందర్ భార్య రోజాకు ఒకటే దిగులు. పాలు తాగేటప్పుడైనా పిల్ల తన మొహం చూడదు.

"గోడను జూస్కుంట తాగుతది అత్తమ్మా," అని కళ్లు తుడుచుకుంది ఒకరోజు.

"పోయి అడుగు బిడ్డా. మనది మనకిస్తరు," అంది సమ్మక్క.

రోజా పిల్లనెత్తుకుని చిక్కడపల్లి మీదుగా నడిచింది. దారి ఎవర్నీ అడగలేదు, పిల్ల మెడే చూపించింది.

కేంద్రంలో జ్యోత్స్న అనే పరిశోధకురాలు ఐసు పెట్టెలకు టేపు వేస్తోంది. సాయంత్రం విమానంలో అవి విదేశానికి వెళ్లాలి. పిల్ల ఒక పెట్టెనే కన్నార్పకుండా చూసింది. జ్యోత్స్నకు సంగతి అర్థమైంది.

"మీరు వదిలేసి పోయినదే కదమ్మా. పారేసేదే కదా అని తీసుకున్నం."

"ఇడిసిపెట్టినం మేడం. ఇచ్చినమా?"

జ్యోత్స్న టేపు పక్కన పెట్టి, రోజాను కూర్చోబెట్టి, అంతా చెప్పింది. కొందరు పిల్లలు కడుపులో ఎందుకు ఎదగరో తెలుసుకోవడానికి, ఎన్నో దేశాల తల్లుల మావి ముక్కలను పోల్చి చూస్తారట.

"ముందే అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్న. వద్దంటే ఇచ్చేస్త."

ఇంటికి తీసుకెళ్తే పిల్ల ఇంటి మొహమే చూస్తుంది. రోజా పెట్టె వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది. పిల్ల సన్నటి కాళ్లు నిమిరింది. అదీ బరువు చాలకుండానే పుట్టింది.

"తీస్కపోండ్రి. ఇంకొకరి బిడ్డకన్న బలమొస్తది. గని పనైనంక పారెయ్యకుండ్రి, మట్టిల పెట్టుండ్రి."

"పెట్టిస్త అక్కా," అంది జ్యోత్స్న.

పిల్ల మెడ మెల్లగా కదిలింది. పెట్టెను వదిలి, తల్లి గడ్డం దగ్గర కాసేపు ఆగి, పైకి చూసింది. తల్లి కళ్లలోకే చూసింది. రోజాకు ఏడుపు ఆగలేదు.

జ్యోత్స్న మిగతా పెట్టెల వైపు తిరిగింది. ఎన్ని ఇళ్లలో ఎందరు పిల్లలు ఇటు చూస్తున్నారో అనుకుంది. ఆ సాయంత్రం విమానానికి ఒక్క పెట్టె కూడా వెళ్లలేదు. ఆమె ఒక పెట్టె మీది చిరునామా చూసుకుని రాంనగర్ వెళ్లి ఒక తలుపు తట్టింది. తలుపు తీసిన తల్లి చంకలో ఒక పిల్లాడు, జ్యోత్స్న వచ్చిన దిక్కే చూస్తూ ఉన్నాడు.