నీళ్లు పోసిన చెయ్యి

పాప తెల్లగౌను ఇస్త్రీ చేస్తున్నది ఆమె. "గౌను ఇస్త్రీ చేసేశాం" అని ఫోన్లో చెల్లెలితో చెబుతున్నది ఆయన. కాపురం మొదలైన నాటి నుంచీ ఆ ఇంట్లో పని ఆమెది, ఆ పనికి నోరు ఆయనది. కూర కుదిరితే "ఉప్పు తగ్గించమన్నాను, అందుకే" అంటాడు చుట్టాలతో. ఆఫీసులోనూ ఆమె కూర్చుని రాసిన నివేదికను పై అధికారి చదివి చప్పట్లు కొట్టించుకుంటాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆమెకు ఇంటా రచ్చా ఒక్కలాగే ఉన్నాయి.

అయినా ఇవాళ ఆమెకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. నెలలు నిండకుండా పుట్టి, అరచేతిలో ఇమిడేంత ఉండి, డాక్టరమ్మ కూడా పెదవి విరిచిన పిల్ల తొమ్మిదో నెలలో మంచం మీద కూర్చుని రిబ్బను నములుతోంది. నములు తల్లీ, గౌనంతా నమిలెయ్యి. బతికి బట్టకట్టావు, అంతే చాలు.

ఆస్పత్రిలో హడావిడిగా అయిన జ్ఞానస్నానానికి మిగిలిన ప్రార్థనలు గుడిలో పూర్తిచేసే ముందు ఫాదర్ గారు వాళ్లనూ అత్తగారినీ తన గదిలో కూర్చోబెట్టి జ్ఞానస్నానాల రిజిస్టరు తెరిచారు.

"ఆస్పత్రిలోనే జ్ఞానస్నానం అయిందన్నారు. ఎవరిచ్చారు?"

"నేనే ఫాదర్" అన్నాడు ఆయన. "లోపలికి తల్లిని ఒక్కదాన్నే రానిచ్చారు. నేను అద్దం తలుపు బయట నిలబడి మాటలన్నీ తప్పు లేకుండా చెప్పాను. నీళ్లు మాత్రం ఈవిడ పోసింది."

ఫాదర్ గారు కలం కింద పెట్టారు.

"అలా అయితే చెల్లదు బాబూ. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరైనా ఇవ్వొచ్చు. ఆడైనా, మగైనా, మన విశ్వాసం లేనివాళ్లైనా సరే. కానీ నీళ్లు పోసినవాళ్లే ఆ మాటలూ చెప్పాలి. చేసేదొకరు, చెప్పేదొకరు అయితే అది జ్ఞానస్నానం కాదు."

ఆమెకు లేచి ఫాదర్ గారి కాళ్లకు దండం పెట్టాలనిపించింది. చేసినవాళ్లే చెప్పాలన్న చట్టం ఒకటి ఈ లోకంలో ఉందా! ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదేం? కళ్లు చెమర్చాయి.

"పోనీలెండి ఫాదర్, ఇవాళ మీ చేత్తో మళ్లీ ఇవ్వండి" అంది అత్తగారు. "మా అబ్బాయి కంగారులో అలా చేశాడు."

ఎవరి మనసూ నొవ్వకుండా సర్దుకుపోయే దారి అది. తొమ్మిదేళ్లుగా ఆమె నడుస్తున్నదీ ఆ దారే. కానీ అలా చేస్తే ఆస్పత్రిలో ఆ మధ్యాహ్నం జరగనట్టే అయిపోతుంది. చక్రాల కుర్చీలో తనను తోసుకెళ్లిన నర్సు నీళ్లు గోరువెచ్చగా చేసి చిన్న కప్పులో పోసిచ్చింది. పాపను ఉంచిన అద్దాల పెట్టె గుండ్రటి కిటికీలోంచి చెయ్యి పెట్టించింది. బయట ఆయన పెదవులు కదులుతున్నాయి. "ఆయనేదో అంటున్నారు గానీ ఇక్కడికి వినపడట్లేదమ్మా. పాపకి వినపడాలిగా, మీరే అనండి" అంది, ఏ దేవుణ్ణి నమ్ముతుందో కూడా తెలియని ఆ నర్సు. ఆ మనిషిని తలుచుకోని పూట లేదు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. తానే ఇచ్చానని ఆయన పదిమందికీ మురిసిపోతూ చెప్పుకుంటుంటే ఆ మురిపెం ఎందుకు లాక్కోవడం అనుకుంది.

"ఫాదర్, ఒకసారి జరిగినది మళ్లీ ఇవ్వకూడదు కదండీ?"

"కూడదమ్మా. ఒకసారి జరిగితే జన్మంతా జరిగినట్టే."

"అయితే ఇవ్వకండి. నీళ్లు పోస్తూ ఆ మాటలు నేనే అన్నాను. మనసులో కాదు, పైకే."

"ఏమన్నావమ్మా?"

"పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను."

ఫాదర్ గారు నీళ్లు తల మీద పారాయా అని అడిగారు. మూడుసార్లు పారాయంది. గుడిలో శ్రీసభ ఇచ్చే జ్ఞానస్నానమే ఇవ్వాలనుకున్నావా అని అడిగారు. అదేనంది. ఫాదర్ గారు చిరునవ్వుతో కలం తీసుకుని, ఇచ్చినవారు అన్న గడిలో 'తల్లి' అని రాశారు.

అత్తగారు కొడుకు వైపు చూసింది. ఆయన ముఖం కందిపోయింది.

"నువ్వు అన్నట్టు నాకు వినపడనే లేదే!"

ఆమె పాప గడ్డం మీది చొంగ తుడిచింది.

"మీతో అనలేదండీ. పాపతో అన్నాను."