వేడి పొక్కులు

“నీ బకెట్టు మా బకెట్లకి తగలనివ్వకు” అని అత్తగారు స్నానాల గది బయట నిలబడి అంది. లోపల ఆమె గోడ పట్టుకుని వంగి, గోరువెచ్చని నీళ్ళు కొద్దికొద్దిగా పోసుకుంటోంది. అలా పోసుకుంటూ ఒంటికి వెళ్తే మంట తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. తగ్గడం మాట అటుంచి, కళ్ళ ముందు చుక్కలు కనపడ్డాయి. పుండు మీద కారం చల్లినట్టు అని జనం ఊరికే వాడేస్తుంటారు గానీ, ఆ మాట మొదట అన్న మనిషి మాత్రం ఇలా గోడ పట్టుకుని ఏడ్చిన ఆడదే అయ్యుంటుందని ఆమెకి అనిపించింది. పళ్ళ మధ్య చీర కొంగు కుక్కుకుంది. అరిస్తే బయట ఉన్నావిడ వింటుంది. వింటే సంతోషిస్తుంది.

బకెట్టు వేరు, సబ్బు వేరు, తువ్వాలు వేరు, గ్లాసు వేరు. తిన్న పళ్ళెం పెరటి గోడ మీద బోర్లించుకోవాలి. కూర్చున్న కుర్చీ తనే తుడుచుకోవాలి. కానీ వంట మాత్రం ఆమె చెయ్యాల్సిందే. గ్లాసుకి అంటుకునే రోగం గరిటెకి అంటుకోదని ఈ ఇంటి శాస్త్రం. జ్వరంతో కాలిపోతున్న చేతులతో వండి వడ్డిస్తే తల్లీకొడుకులిద్దరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. తిని, మూతి తుడుచుకుని, “ఛీ, ఒళ్ళంతా విషం” అన్నాడు మొగుడు. ఆ విషం వండిన పప్పు మరి రెండోసారి ఎందుకు పెట్టించుకున్నాడో ఆమె అడగలేదు. అడిగితే ఏమవుతుందో ఎడమ దవడ ఇంకా చెబుతూనే ఉంది.

మొదట అందరూ అనుకున్నట్టే ఆమె కూడా ఏదో వేడి చేసిందనుకుంది. చేసే పని అలాంటిది. పెద్ద హోటలు కింద, నేలమాళిగలో లాండ్రీ. గదుల్లోంచి వచ్చిన దుప్పట్లు ఉతికి, తడి మీదే కాలే రోలర్లలోకి ఎక్కించాలి. ఒకవైపు ఆమె అంచులు పట్టుకుని లాగి పెడితే, అవతలవైపు ఇస్త్రీ అయి వస్తుంది. ఆవిరికి ముఖం ఉడికిపోతుంది. తొడల మధ్య మంట మొదలైతే చెమట ఒరుసుకుపోయిందనుకుంది. గజ్జల్లో బిళ్ళలు కట్టి, జ్వరం వచ్చి, నీటిపొక్కులు చిట్లి, కాళ్ళు దగ్గరగా పెట్టి నడవలేని స్థితి వచ్చాక క్లినిక్కుకి వెళ్ళింది. అక్కడ చీటీలు రాసే నర్సు వరండా అంతా వినేలా “ఎక్కడ పుళ్ళు? కిందా? మొగుణ్ణి తేలేదా?” అని అడిగి, పక్కనున్న ఇంకో నర్సుని చూసి మూతి బిగించుకుని నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారే, ఆ నవ్వు అలాంటిదే.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. తలుపు వేసి, చూసి, చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. “హెర్పిస్ అంటారమ్మా. వైరస్. చాలామందిలో ఉంటుంది, సగం మందికి ఉన్నట్టే తెలియదు. మాత్రలు వేసుకుంటే పుళ్ళు మానిపోతాయి. వైరస్ మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. అప్పుడప్పుడూ మళ్ళీ లేస్తాయి, రానురానూ తగ్గుతాయి. దీంతో ఎవరూ చచ్చిపోరు, పనీ మానక్కర్లేదు” అంది. దుప్పట్ల వల్ల వచ్చిందా అని ఆమె అడిగింది. “దుప్పట్లకీ బకెట్లకీ సంబంధం లేదు. ఒళ్ళూ ఒళ్ళూ తగిలితేనే వస్తుంది. మీ ఆయనకి ఎప్పుడైనా ఇలా లేచాయా?” అంది డాక్టరమ్మ. ఆమెకి తెలియదు. మొగుడి ఒంటిని దీపం వెలుగులో చూసే అధికారం ఆమెకి ఎన్నడూ లేదు.

ఆ సాయంత్రం ఆమె చేసిన తప్పల్లా ఒకటే. మొగుడి ఆరోగ్యం గురించి బెంగపడింది. అతను వ్యాను తోలి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి విషయం చెప్పి, “మీరు కూడా ఓసారి చూపించుకోండి” అంది.

చెంబు ముందు తగిలింది. తర్వాత చెయ్యి. తర్వాత జుట్టు పట్టుకుని వాష్‌బేసిన్ అంచుకేసి తల కొట్టాడు. దవడలో ఏదో కటుక్కుమంది. “ఎవడే? హోటల్లో ఎవడి గదిలో పడుకున్నావే?” కింద పడ్డాక కాలితో తన్నాడు. నొప్పి ఎక్కడుందో ఇప్పుడే చెప్పింది కదా, సరిగ్గా అక్కడే తన్నాడు. అరుపు కూడా రాలేదు ఆమెకి, గాలి మాత్రమే వచ్చింది. అత్తగారు వచ్చి, కొడుకు చెయ్యి పట్టుకుని, “చాల్లేరా, నీ చెయ్యి నొప్పెడుతుంది” అంది.

మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కిందని సామెత. తరతరాలుగా ఆ సామెతలో తప్పు చేసేదీ ఆడదే, ఊరి మీద పడి గోల చేసేదీ ఆడదే. ఈ ఇంట్లో పెళ్ళాన్ని కొట్టినవాడే మొగసాలకెక్కాడు. తెల్లారేసరికి ఆమె అన్నకి ఫోను చేసి, “నీ చెల్లెలు రోగం తెచ్చుకుంది, వచ్చి తేల్చు” అన్నాడు. “మా ఇంటా వంటా లేదు ఇలాంటిది” అని అత్తగారు వెనకనుంచి తాళం వేసింది.

ఆమె పనిలోకి వెళ్ళింది. దెబ్బల కంటే సెలవు ఖరీదు. రోలర్ల ముందు నిలబడి తడి దుప్పటి అంచు పెడుతుంటే, ఆ రెండు కాలే గొట్టాల మధ్యకి మొగుడి చెయ్యి వెళ్తున్నట్టు కనపడింది. కొట్టిన చెయ్యి. వేళ్ళు ముందు వెళ్తాయి, తర్వాత మణికట్టు, అవతలవైపు చదునుగా, ముడత లేకుండా వస్తుంది. ఆ ఊహకి ఆమె భయపడలేదు. ఇంకో దుప్పటి అందుకుంది, ఇంకోసారి ఊహించుకుంది. ఈసారి భుజం దాకా పోనిచ్చింది. అవతల మడతలు పెట్టే మనిషిని అక్కడ అందరూ మడతలక్క అంటారు. దవడ చూసి “ఏమైంది?” అంది ఆవిడ.

“బాత్రూంలో జారిపడ్డాను.”

“మా ఇంట్లో నేల కూడా అలాగే జారేదిలే. ఎంత తుడిచినా లాభం లేకపోయింది. చివరికి ఇల్లే మార్చుకున్నాను” అంది మడతలక్క, దుప్పటి మూలలు కలుపుతూ. మడత పూర్తిచేసి, “నా గదిలో ఇంకో చాప పడుతుంది” అంది. ఆమె విననట్టు తర్వాతి దుప్పటి అంచు లాగింది.

అన్న మరుసటి మధ్యాహ్నం వచ్చాడు. కరెంటు పనిచేసేవాడు, ఎక్కడ మంట రేగినా ముందు మెయిన్ ఆపెయ్యడం అలవాటు. చెల్లెలి ముఖం చూశాడు, చూడనట్టు ఫ్యాను వైపు చూశాడు. పెద్దమనుషుల్లా ముందు గదిలో అందరూ కూర్చున్నారు, ఆమె తప్ప. ఆమె కుర్చీ పెరట్లో ఉంది, ఆమె వంటగది గుమ్మంలో నిలబడింది.

“బావా, కోపం తగ్గించుకో. నేనొకటి చెప్తా” అన్నాడు అన్న. “అది ఊళ్ళోవాళ్ళ దుప్పట్లు ఉతుకుతుంది. ఎవడి మురికో అంటుకుంది. తప్పు నీదీ కాదు, దానిదీ కాదు. దుప్పట్లది. ఇవాళ్టి నుంచి ఆ పని మానేస్తుంది. అంతటితో ఈ గొడవ ముగిద్దాం.”

మొగుడు కాసేపు మీసం దువ్వుకున్నాడు. “నా కాళ్ళ మీద పడి, ఆ పని వల్లే తెచ్చానని దాని నోటితో చెప్పమను. అప్పుడు ఆలోచిస్తా.”

“చెప్పమ్మా” అన్నాడు అన్న. ఆ గొంతులో వేడుకోలు ఉంది. చెల్లెల్ని తిరిగి ఇంటికి తీసుకెళ్ళాల్సి వస్తుందేమోనన్న భయమూ ఉంది.

ఎంత సులువు! దుప్పట్లకి నోరు లేదు, కాదని అనవు. ఒక్క అబద్ధం చెబితే తన్నులు ఆగుతాయి, కుర్చీ లోపలికి వస్తుంది, ఈ మంటలో కాస్త పడుకోవచ్చు. ఆమెకి నిజంగా పడుకోవాలనిపించింది. అయితే దాని తర్వాత? ఆ ఆవిరి గది ఒక్కటే ఆమె సొంత లోకం, అది పోతుంది. మళ్ళీ పొక్కులు లేచిన ప్రతిసారీ తనే తెచ్చినట్టవుతుంది, మళ్ళీ కాళ్ళ మీద పడాలి. తన నోటితో తనే ఒప్పుకున్న నేరం, బతికున్నంత కాలం వాళ్ళ చేతిలో కర్రగా ఉంటుంది. అయినా మోకాళ్ళు వంగడానికి సిద్ధంగానే ఉన్నాయి. ఒంటికి అలవాటైన పని కదా. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది కూడా.

“బావకైతే ఏమీ లేదు కదా?” అని అన్న మాటవరసకి అడిగాడు.

“నా ఒంటి మీద మచ్చ కూడా లేదు” అన్నాడు మొగుడు.

“వాడికెందుకుంటుంది బాబూ!” అంది అత్తగారు. కొడుకు గురించి చెప్పే అవకాశం వస్తే ఆవిడ వదలదు. “నా చేతుల మీద పెరిగిన ఒళ్ళు. వాడికున్నదల్లా వేడి శరీరం, అంతే. పెళ్ళికి ముందు నుంచీ ఉన్నదే. ఎండలో బండి తోలి అలిసిపోతే నాలుగు నీటిపొక్కులు లేస్తాయి. చిట్లుతాయి, ఎండిపోతాయి, మళ్ళీ కొన్నాళ్ళకి లేస్తాయి. తడిగుడ్డ వేసుకోమని, పౌడరు రాసుకోమని నేనే చెప్తుంటా. ఇదిగో, దీనిలాగా రోగం కాదు.”

“ఎక్కడ లేస్తాయండీ?” అన్నాడు అన్న నెమ్మదిగా.

“మగవాడికి వేడి చేస్తే ఎక్కడ లేస్తాయి? అడక్కూడని చోటే లేస్తాయి” అంది ఆవిడ. తను ఏం చెప్పిందో ఆవిడకి ఇంకా తెలియలేదు.

కొడుక్కి తెలిసింది. “నోర్ముయ్యవే ముసలిదానా” అని లేచి, వెనుక చేత్తో తల్లి ముఖం మీద కొట్టాడు. ఆవిడ కుర్చీతో సహా పక్కకి ఒరిగిపోయింది. పెదవి చిట్లి, రక్తం గడ్డం మీదకి కారింది. ఆవిడ కొడుకు వైపు కాక, కింద పడ్డ పన్ను వైపు చూసింది.

ఆ క్షణంలో ఆమెకి అంతా అర్థమైంది. ‘వేడి చేసింది, దగ్గరికి రాకు’ అంటూ అతను ముందు గదిలో పడుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఆ రోజులు పూర్తికాకుండానే పౌడరు వాసనతో మీద పడ్డ రోజులూ, మంటగా ఉందంటే నటన అన్న రోజులూ గుర్తొచ్చాయి. అతనికి ఆ రోగం పేరు తెలిసి ఉండకపోవచ్చు. కానీ ఆ నొప్పి తెలుసు, దాచాలని తెలుసు. ఆమె చెప్పిన గుర్తులు విన్న నిమిషంలోనే అది తనదేనని కూడా తెలుసు. అందుకే చెంబు అంత తొందరగా లేచింది.

అతను ఆమె వైపు తిరిగి చెయ్యెత్తాడు. ఆమె ఆ మణికట్టు పట్టుకుంది. నీళ్ళోడే దుప్పట్లు రోజంతా మోసే చేతులు ఆమెవి. పట్టుకుని, వెనక్కి విరిచి, ఇంకాస్త విరిచింది. అతను అరుస్తూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇంకొంచెం బలం వాడితే ఎముక విరుగుతుందని ఆమెకి తెలిసింది. చాలా ఆశపడింది. కాసేపు అలాగే పట్టుకుని ఆ ఆశని పూర్తిగా అనుభవించి, వదిలేసింది.

“డాక్టరమ్మ చెప్పింది, ఇది చచ్చేదాకా నాతోనే ఉంటుందట. దీంతో బతకడం నేర్చుకుంటా. నీతో బతకమని మాత్రం ఏ డాక్టరూ చెప్పలేదు.”

“తొందరపడకమ్మా” అన్నాడు అన్న. “ఇప్పటికీ మించిపోయింది లేదు. దుప్పట్లనే అనుకుందాం.”

“నువ్వు అనుకో అన్నయ్యా. నువ్వు నిశ్చింతగా ఇంటికి వెళ్ళొచ్చు” అని ఆమె లోపలికి వెళ్ళింది.

సంచిలో మాత్రలు, రెండు చీరలు, పని దగ్గరి గుర్తింపు కార్డు పెట్టుకుంది. వెళ్ళేది మడతలక్క గదికి. కాళ్ళు దగ్గరగా పెట్టలేక ఎడంగా నడుస్తూ, అందరి ముందునుంచే గుమ్మం దాకా వచ్చింది. ఆ నడకకి ఇప్పుడు సిగ్గుపడలేదు. మొగుడు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోడకి తిట్లు చెబుతున్నాడు. ఆమె చెప్పుల్లో కాలు పెడుతుంటే, వెనక నుంచి ఎవరో చీర చెంగు పట్టుకున్నారు. అత్తగారు. పెదవికి అడ్డంగా గుడ్డ పెట్టుకుంది.

“ఆ డాక్టరమ్మ... నా వయసు వాళ్ళని కూడా చూస్తుందా?”

“పన్నుకైతే వేరే డాక్టరు.”

“పన్నుకి కాదు.” ఆవిడ కొడుకు వైపు ఒకసారి చూసి, ఇంకా దగ్గరికి జరిగింది. “నాక్కూడా లేచేవి. పెళ్ళైన కొత్తలో జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడున్నా. వేడి అంది మా అత్తగారు. ఇప్పటికీ అప్పుడప్పుడూ లేస్తాయి, మీ మామయ్య పోయి ఇన్నేళ్ళైనా. వేడే కదా అది?”

ఆ ముఖం అవునన్న మాట కోసం నోరు తెరుచుకుని ఉంది. అవును అనేసి మెట్లు దిగిపోవచ్చు. ముసలి ప్రాణానికి ఆ మాత్రం అబద్ధం ఎవరైనా దానం చేస్తారు. కానీ ఆమె గుండెలో దయ లేదు, ఇన్నాళ్ళ మంట ఉంది.

“కాదు” అంది.

అత్తగారు గుమ్మం పట్టుకుంది. కొడుకు కొట్టినప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. గొంతులోంచి కాదు, ఇంకా కింద నుంచి, ఎప్పుడో కొత్త పెళ్ళికూతురు మింగేసిన చోటునుంచి వచ్చింది. లోపలినుంచి కొడుకు “ఎవరే ఏడుస్తోంది అక్కడ?” అని అరిచాడు.

ఆమె సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“చెప్పులేసుకోండి” అంది. “క్లినిక్కు మూసేలోపు వెళ్దాం.”