పదిహేడు సెంటీమీటర్ల అట్ట

మూడు అట్టలనూ మేకు మీంచి దించి, పొడిగుడ్డతో తుడిచి, పెద్దది అడుగున, చిన్నది పైన వచ్చేలా బల్ల మీద పేర్చుకుంది అట్టలక్క. ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఇలాగే మొదలవుతోంది. చొక్కాల పెట్టె మూతల్లోంచి కోసిన అట్టలవి. కంప్యూటరులో అన్నింటినీ మోసేది మదర్‌బోర్డు. ఈ దుకాణానికి వచ్చేవి మూడు సైజులు. సైజుకో అట్ట. బోర్డులో మరలు దిగే చోట్ల అట్టకూ కంతలున్నాయి. ఖాళీ కంప్యూటరు పెట్టె తెరవగానే ముందు అట్ట పరిచి చూస్తుంది. అట్ట పడితే బోర్డు పడుతుంది.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

తండ్రి దర్జీ. గుడ్డ మీద కత్తెర పెట్టేముందు పాత పేపరు కత్తిరించి మనిషి భుజానికి ఆనించి చూసేవాడు. "పేపరు తప్పితే పొయ్యిలోకి. గుడ్డ తప్పితే నా నెత్తి మీదికి" అనేవాడు. పనిలో చేరిన మొదటి నెల ఆ మాట ఆమెకు గుర్తు రాలేదు. బోర్డును పెట్టె అడుగు రేకుకు తగలకుండా ఇత్తడి పొట్టికాళ్లు ఎత్తిపట్టి ఉంచుతాయి. బోర్డుకు కంత లేని చోట ఒక కాలు తీయడం మరిచిపోయింది. స్విచ్చి వేయగానే కాలిన వాసన వచ్చింది. అప్పటి ఓనరు, ఇప్పటి ఓనరు తండ్రి, కాలిన బోర్డు తీసి పక్కన పెట్టి ఇంకోటి ఆమె చేతికిచ్చాడు. ఆ సాయంత్రమే తండ్రి కత్తెరతో ఈ అట్టలు కోసింది. తర్వాత ఆమె చేతిలో బోర్డు కాలలేదు.

ఇవాళ్టితో బల్ల తీసేస్తున్నారు. జనం బిగించి ఉన్న కంప్యూటర్లే కొంటున్నారు. రేపటి నుంచి ఈ చోట ఫోన్లు పెడతారు.

పదకొండింటికి టైపు మాస్టారు వచ్చారు. చంకలో చిన్న పెట్టె, చేతిలో సంచీ. పక్క వీధిలో ఒక మేడ మెట్ల కింద కూర్చుని అర్జీలు టైపు చేసిపెడతారు. అట్టలక్కకు టైపు నేర్పింది ఆయనే. యాభై ఆరేళ్ల మనిషిని ఇంకా "అమ్మాయ్" అనేవాళ్లలో ఆయనొక్కరే మిగిలారు.

"అమ్మాయ్, దీనికి నిన్ననే ప్రాణం పోయింది. కొత్త బోర్డు నేనే తెచ్చుకున్నా. బిగించి పెట్టు, ఐదింటికి వస్తా."

"సైజు చూసుకున్నారా మాస్టారూ?"

"కొలిచే తెచ్చాలే. పెట్టె వెడల్పు సరిగ్గా ఒక కాగితం పొడవు. బోర్డు అంతకంటే మూడు వేళ్లు తక్కువ. దర్జాగా కూర్చుంటుంది."

మాస్టారు దేన్నయినా టైపు కాగితంతోనే కొలుస్తారు. ఆయన బల్ల నాలుగు కాగితాలు, మంచం ఆరు.

అట్టలక్క మూత విప్పి మధ్య అట్ట పరిచింది. అట్ట అంచు కరెంటు డబ్బాకు తగిలి లేచి నిలబడింది.

"బయట కొలిచారు కదూ?"

"మూత ఉంటే లోపలెలా కొలుస్తానే?"

"మరి కరెంటు డబ్బా ఎక్కడ ఉంటుందనుకున్నారు? మీ జేబులోనా?"

గల్లా దగ్గర్నుంచి ఓనరు తలెత్తాడు. "పెద్ద పెట్టె తీసుకోండి మాస్టారూ. అద్దం తలుపు, లోపల రంగురంగుల లైట్లు."

"లైట్లేసుకుని సర్కస్ నడపను గదా బాబూ" అన్నారు మాస్టారు. తర్వాత గొంతు తగ్గించారు. "మూడో మెట్టు కింద ఇది తప్ప ఇంకోటి దూరదు. మేడ ఓనరు ఆ చోటు ఫోను కవర్లవాడికి ఇస్తానంటున్నాడు. మిషను లేని మనిషికి మెట్ల కింద పనేంటని నా మొహం మీదే అడిగాడు. రేపు పొద్దున్న టైపు చప్పుడు వాడికి వినపడాలి."

చిన్న బోర్డు తెప్పించాలంటే నాలుగు రోజులు పడుతుందన్నాడు ఓనరు. అట్టలక్క వీధి వైపు అద్దాల అర చూసింది. అందులో బిగించి పెట్టిన చిన్న కంప్యూటరు ఉంది.

"బాబూ, దాంట్లో ఉన్నది పదిహేడు సెంటీమీటర్ల బోర్డే."

"అక్కా, అది జనం చూడ్డానికి పెట్టింది."

"ఏడాదిగా చూస్తూనే ఉన్నారు. టిక్కెట్టు కొన్నవాడు లేడు. ఆ బోర్డు మాస్టారికిస్తా. ఈయన తెచ్చింది పెద్ద పెట్టెలో బిగించి అదే అరలో పెడతా. సాయంత్రానికి రెండూ అయిపోతాయి."

ఓనరు బల్ల వైపు చూశాడు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఈ బల్ల కిందే లెక్కలు చేసుకునేవాడు. చొక్కా బొత్తాం ఊడితే అట్టలక్క ఈ బల్ల మీదే కుట్టేది.

"కానియ్ అక్కా."

ముందు పెద్ద పెట్టె బిగించి అరలో పెట్టింది. తర్వాత మాస్టారి పెట్టెలోంచి పాత బోర్డు తీసింది. ఆ సైజు రావడం మానేసి చాలాకాలమైంది. అడుగు రేకు మీద పెన్సిలుతో రాసిన తేదీ బయటపడింది. రాత ఆమెదే, పదిహేనేళ్ల నాటిది. అప్పుడు రాత నిటారుగా ఉండేది. ఆ రోజు మాస్టారు టైపు మిషను అమ్మేసి నేరుగా ఇక్కడికి వచ్చారు. పెద్ద ఓనరు ఆయన కప్పులో రెండుసార్లు టీ పోశాడు.

చిన్న అట్ట పరిచింది. నాలుగు కంతల్లో నాలుగు ఇత్తడి కాళ్లు కనిపించాయి. అట్ట మాత్రం ఒక పక్కకు ఎత్తుగా ఉంది. పాత బోర్డు తాలూకు ఐదో కాలు కింద ఉంది. రెంచీ పెట్టి తిప్పితే రాలేదు. మళ్లీ తిప్పితే రెంచీ జారి వేలి చర్మం లేచింది. తుప్పు పట్టేసింది. అలాగే వదిలేస్తే బోర్డు కాలుతుంది. విరగ్గొడితే రేకు చిరుగుతుంది. తన సంచీలోంచి కుట్టుమిషను నూనె తీసి రెండు చుక్కలు వేసింది. అన్నం తిని వచ్చి ఇంకో చుక్క వేసింది. మూడింటికి కదల్లేదు. నాలుగింటికీ కదల్లేదు. నాలుగుంపావుకు కిర్రుమని తిరిగింది.

బోర్డు బిగించి స్విచ్చి వేసి, ఎప్పటిలాగే ముక్కు పెట్టె దగ్గరకు చేర్చి వందదాకా లెక్కపెట్టింది. ఏ వాసనా లేదు. పెన్సిలు తీసి పాత తేదీ కింద ఇవాళ్టి తేదీ రాసింది.

ఐదింటికి మాస్టారు వచ్చి నిలబడే ఒక వరుస కొట్టారు. 'గౌరవనీయులైన అధికారి గారికి నమస్కరించి వ్రాయునది.' తెర మీద అక్షరాలు పడ్డాయి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మళ్లీ చెడితే నీ దగ్గరికే తెస్తా."

"నేనుండను మాస్టారూ. బల్ల తీసేస్తున్నారు." చిన్న అట్ట ఆయన చేతిలో పెట్టింది. "ఎక్కడ కొన్నా బోర్డు మీద ఇది పెట్టి చూసుకోండి. కాగితం జోలికి పోకండి."

"మరి నువ్వేం చేస్తావే?"

"నాన్న కుట్టుమిషను ఉందిగా. నూనె వేస్తే తిరుగుతుంది."

మాస్టారు అట్టను రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, మడత పడకుండా సంచీలో నిలబెట్టుకున్నారు.

అట్టలక్క టిఫిను డబ్బా కడిగింది. రెంచీ సొరుగులో పెట్టింది. మిగిలిన రెండు అట్టలూ మేకుకు తగిలించింది. ఓనరు ఫోనులో మాట్లాడుతూ చెయ్యెత్తాడు. ఆమె కూడా ఎత్తింది. చెప్పులేసుకుని వీధిలోకి దిగింది.

మర్నాడు పొద్దున్న బల్ల మోసుకెళ్లినవాళ్లు మేకు జోలికి పోలేదు. ఇప్పుడు పైకి వచ్చిన మధ్య అట్ట దుమ్ము రంగుకు తిరిగి ఉంది. చిన్న అట్ట ఇన్నేళ్లు కప్పి ఉంచిన మేర మాత్రం చొక్కాల పెట్టె నీలం అలాగే ఉంది, అడ్డం పదిహేడు, నిలువు పదిహేడు.