కుంకుమ పెట్టిన సీసా

సున్నపు గుట్ట బస్తీలో ఐలయ్య మొసలి కథ తెలియనివాళ్లు లేరు. మంజీర నది నుంచి వచ్చే పైపులో ఒకసారి మొసలిపిల్ల కొట్టుకొచ్చిందట. వాల్వు దగ్గర తల బయటపెట్టి ఈయన ముఖంలోకి చూసిందట. ఈయన తొణకలేదు, బెణకలేదు. వాల్వు తిప్పే చావి రెండు చుట్లు వెనక్కి తిప్పి, "పో బిడ్డా, నీ తల్లి దేవులాడుతుంటది" అన్నాడట. అది బుద్ధిగా ఎదురీదుకుంటూ సంగారెడ్డి దాకా తిరిగిపోయిందట. కథ మొదలైన కొత్తలో ఆ మొసలి జానెడే. ఇరవై ఆరేళ్లలో పెరిగి పెరిగి ఇప్పుడు ఆటో అంత అయింది. పైపు మాత్రం పాపం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

బోరబండ రైలు స్టేషన్ దాటి గుట్ట ఎక్కితే ఆ బస్తీ. పైనుంచి చూస్తే హైటెక్ సిటీ అద్దాల మేడలు చెయ్యి చాపితే అందేటట్టు కనబడతాయి. ఆ అద్దాలు తుడిచే ఆడవాళ్లలో సగం మంది ఉండేది ఇక్కడే. నాలుగు వందల ఇళ్లు. రోజు విడిచి రోజు పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా నీళ్లు. ఆ నీళ్లు వదిలేది, ఆపేది ఐలయ్య. నడుమెత్తు ఇనుప చావి ఒక చేత్తో, పైపు చప్పుడు వినడానికి సన్నటి ఇనుప కడ్డీ ఇంకో చేత్తో. కడ్డీ ఒక కొస పైపు మీద ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని, నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చెప్పేవాడు. కథలు ఎన్ని కోసినా ఆ మాట మాత్రం ఎన్నడూ తప్పలేదు.

కిందటేడు ఆ పనికి ఒక కొత్త పేరొచ్చింది. నీళ్లు సర్కారువే, పైపులూ సర్కారువే. కానీ బస్తీలోపలి పనంతా తేటధార అనే కంపెనీకి అప్పగించారు. కంపెనీ తానొచ్చి చెయ్యదు. ఏ బస్తీకి ఆ బస్తీ మనిషినే పట్టుకుని, పదిహేను రోజులు తర్ఫీదు ఇచ్చి, బోర్డు, నీలం చొక్కా, ఎలా చెయ్యాలో రాసిన లావాటి పుస్తకం చేతిలో పెట్టి, ఇది నీ ఫ్రాంచైజీ అంటుంది. అలా పదకొండు బస్తీల్లో పదకొండు మంది.

"అంటే గల్లీకొక ఛాయ్ బ్రాంచి పెట్టినట్టు నీళ్లకు గూడ పెట్టిన్రా ఐలన్నా?" అని అడిగింది ఎదురింటి చెన్నమ్మ, బోర్డు కట్టిన రోజు.

"గంతే చెల్లె. పేరు వాళ్లది, చెయ్యి మనది."

"మరి తప్పు జరిగితే ఎవ్వలిది?"

"ఐలయ్య చేతిల తప్పు జరుగుతదా?" అని నవ్వేశాడు ఐలయ్య.

అబద్ధం చెప్పడం ఎందుకు, బస్తీకి మేలే జరిగింది. నెలల తరబడి కారే పైపు రెండు రోజుల్లో బాగయింది. ఆరంటే ఆరింటికే నీళ్లు. ట్యాంకరు వెంట బిందెలతో పరుగెత్తడం మరిచిపోయారు. చెన్నమ్మ కోడలు రేఖ ఒక అద్దాల మేడలో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. అక్కడ అంతస్తుకొకటి చల్లటి శుద్ధినీళ్ల మిషను ఉంది. అయినా ఇంటి నుంచే సీసా నింపుకుని పోతుంది. "మా ఐలయ్య మామ నీళ్లు తియ్యగుంటయ్" అని అక్కడివాళ్లతో గొప్పలు కూడా పోతుంది. ఆ మాట విన్న రోజు ఐలయ్య రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

పుస్తకంలో ఒక్క సంగతే ఆయన గొంతు దిగలేదు. నీళ్లు వదిలిన ప్రతిసారీ బస్తీ చివరి నల్లా నుంచి చిన్న గాజుగొట్టంలో నీళ్లు పట్టి, సీసాలోని మందు మూడు చుక్కలు వెయ్యాలి. నీళ్లు పసుపురంగుకు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. తిరగకపోతే మురికి కలిసినట్టు, వెంటనే ఆపెయ్యాలి. రంగు తిరిగిన గొట్టం ఫొటో తీసి కంపెనీకి పంపాలి.

"ఇరవై ఆరేండ్ల సంది నాలిక మీదేసుకుని చెప్తున్న. గీ మందు చుక్క నాకు నేర్పుతదా?" అని మూతి విరిచాడు.

అంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకు చావి, కడ్డీ తోమి పెడుతూ, ఆయన భార్య జయమ్మ ఆ మందు సీసాను కూడా దేవుడి అరలో నిలబెట్టింది. మూతకూ సీసాకూ కలిపి పసుపు రాసి, కుంకుమ పెట్టింది. మర్నాడు ఐలయ్య చెయ్యి చాపితే, "పూజ జేసిన దాన్ని ముట్టుకుని విప్పుతవా?" అంది. ఆయనకు కావలసిందీ అదే సాకు. సీసా అరలోనే ఉండిపోయింది. గాజుగొట్టం మాత్రం వంటింట్లోకి పోయింది. పోపుల డబ్బాలోంచి చిటికెడు పసుపు, గొట్టంలో నీళ్లు, ఒక ఊపు, ఒక ఫొటో.

కంపెనీ తరపున బస్తీలు చూసుకునే దివ్య కాకినాడ పిల్ల. ఎదుటివాళ్లూ తనలాగే నిజం చెబుతారనుకునే వయసు. "పదకొండు బస్తీల్లోనూ రంగు మీదే బాగుంటుందండి ఐలయ్య గారూ, మిగతావాళ్లకి మీ ఫొటోలే చూపిస్తున్నాను" అని ఫోన్ చేసింది. ఆ మెచ్చుకోలు విని సిగ్గుపడవలసినవాడు, మీసం దువ్వుకున్నాడు.

అట్లా అయిదు నెలలు గడిచాయి. మార్చిలో ఎవరో కేబుల్ వెయ్యడానికి మురుగు పారే మోరీ పక్కన గల్లీ పొడుగునా తవ్వి, మట్టి కప్పి పోయారు. అదే వారం ఐలయ్యకు జలుబు పట్టింది. పది రోజులుగా ముక్కు మూసుకుపోయి, నాలుక మీద ఉప్పేదో కారమేదో తెలియడం లేదు. అయినా నీళ్లు వదిలినప్పుడల్లా దోసిట పట్టి నాలుక మీద వేసుకుని, బాగున్నాయని తల ఊపుతూనే ఉన్నాడు.

ఆ మంగళవారం రేఖ పనిలోనే కళ్లు తిరిగి పడిపోయింది. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. దవాఖానలో సెలైన్ ఎక్కిస్తున్నారు. ఆ గల్లీలోనే ఇంకో ముగ్గురికి కడుపు చెడింది. అంతా పానీపూరీ బండివాణ్ని తిట్టారు. ఐలయ్య ఊరుకోక, ఆ బండివాడు పానీలో ఏమేం కలుపుతాడో ఒక కథ అల్లి అరగంట చెప్పాడు. పాపం బండివాడు ఆ గల్లీకి రావడమే మానేశాడు.

బుధవారం సాయంత్రం, జబ్బుల సంగతి విన్న దివ్య ఫోన్ చేసి, రేపు తొమ్మిదింటికి వచ్చి తానే పరీక్ష చేసి చూస్తానంది.

గురువారం పొద్దున నీళ్లు వదిలి, ఐలయ్య ఇంటికొచ్చి సీసా దించాడు. ఎండిన కుంకుమ పెళుసై మూత దగ్గర రెండుగా చీలింది.

"ఏందయ్యా గది?" అంది జయమ్మ.

"మేడం వస్తది. నిండు సీసా చూస్తే నా బండారం బయటపడదా? సగం మోరీల వొంపుతా."

మోరీ దాకా పోయాడు కూడా. సీసా వంచబోతూ, అయిదు నెలలు విప్పని సీసాలో ఏముందో చూద్దామన్నట్టు, తన నల్లా నీళ్లు గొట్టంలో పట్టి మూడు చుక్కలు వేశాడు. రంగు రాలేదు. ఇంకో మూడు వేశాడు. పది వేశాడు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

"మందు పాడైనట్టుంది. నీ పూజతోని దాని బలమంతా పోయింది."

"పూజతోని పోతే నీ చావికి గూడ పోవాలె గద" అంది జయమ్మ.

ఆయనకు ఆ మాట తగిలింది. బస్తీకి నీళ్లొచ్చే గుట్ట మీది ట్యాంకు దాకా ఎక్కి, అక్కడి నల్లా నీళ్లు పట్టి మూడు చుక్కలు వేశాడు. గొట్టం బంతిపువ్వులా పసుపెక్కింది. వంటింటి పసుపుతో ఆయన ఎన్నడూ తేలేని రంగు అది.

అంటే మందు మంచిదే. ట్యాంకులో నీళ్లూ మంచివే. ట్యాంకుకూ ఇంటికీ మధ్య ఎక్కడో పైపు పగిలి, నీళ్లు వదలని పూట మోరీ నీళ్లు తాగుతోంది. తాగింది తాగినట్టు బస్తీకి పోస్తోంది. రేఖ సీసా గుర్తొచ్చింది. పానీపూరీ కథ గుర్తొచ్చింది. ఇంటికి దిగొచ్చి గొట్టం, సీసా లోపల పెట్టి, చావి పట్టుకుని వాల్వు దగ్గరికి పోయి, ఎన్ని చుట్లుంటే అన్ని చుట్లూ బిగించేశాడు.

ఆరున్నర కూడా కాలేదు. డ్రమ్ములు సగం నిండాయి, మోటర్లు ఖాళీగా అరుస్తున్నాయి. అయిదు నిమిషాల్లో గల్లీ అంతా వాల్వు దగ్గరుంది.

"ఏందన్నా గిట్ల బంద్ జేసినవ్? ఏడింటికి డ్యూటీకి పోవాలె."

"నీళ్లు ఖరాబైనయ్. ఎవ్వలూ తాగొద్దు. పట్టినయి గూడ పారబొయ్యిన్రి."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"మల్ల మొసలి వచ్చిందా ఐలన్నా?"

"ఈసారి పిల్లనా, తల్లి గూడ వచ్చిందా?"

నవ్వు గల్లీ పొడుగునా పాకింది. ఐలయ్య చేతులు జోడించాడు. మోరీ నీళ్లు కలుస్తున్నాయన్నాడు. ఒట్టు అన్నాడు. ఆయన ఒట్లు బస్తీకి కొత్త కాదు. మొసలి మీద కూడా ఇట్లాగే వేసేవాడు. ఒకామె ఆయన కళ్లెదుటే బిందెలోంచి చెంబు ముంచి నోటి దగ్గర పెట్టుకుంది. "తేటగున్నయ్. కథ మేడంకు చెప్పు, నువ్వైతే చావి తిప్పు."

అప్పుడు తెలిసింది ఐలయ్యకు, ఇరవై ఆరేళ్లు తానే కోసిన కోతలు ఇప్పుడు తన నోటికి అడ్డం నిలబడ్డాయని. నిజం ఒక్కటి చెప్పి నమ్మించాలంటే ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక్కటి. అది బయటపెడితే నీలం చొక్కా పోతుంది. ఐలయ్య నీళ్లనే మాటా పోతుంది. చెంబు పట్టిన చేతిని ఆపి, ఇంట్లోకి పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు ఒక చేతిలో కుంకుమ చీలిన సీసా, ఇంకో చేతిలో పోపుల డబ్బా, జేబులో నిలబెట్టిన రెండు గాజుగొట్టాలు.

"చూడున్రి. దసరాకు పెట్టిన కుంకుమ. ఇయ్యాల పొద్దుగాలనే పగిలింది. గిన్నొద్దులు నేను నీళ్లు పరీక్ష జెయ్యలె. గీ డబ్బాల పసుపు కలిపి ఫొటోలు పంపిన. జలుబు జేసి పది రోజుల సంది నాకు రుచి తెలుస్తలేదు, వాసన తెలుస్తలేదు. అయినా మంచిగున్నయన్న."

ఎవరూ నవ్వలేదు. ఆయన మళ్లీ అందరి ఎదుటా చెన్నమ్మ డ్రమ్ములోంచి ఖాళీ గొట్టంలో నీళ్లు పట్టి మూడు చుక్కలు వేసి చూపించాడు. రంగు రాలేదు. ట్యాంకు నీళ్ల గొట్టం పక్కన పెట్టాడు. పసుపు.

చెన్నమ్మ రెండు గొట్టాలూ చూసింది, ఆయన ముఖం చూసింది.

"పానీపూరీ అంటివి."

"అన్న."

"నా కోడలు నీ నీళ్లు సీసాల బోసుకుని పోతుండె. నీ పేరు చెప్పుకుంట."

ఐలయ్య తల ఎత్తలేదు. చెన్నమ్మ పోయి తన డ్రమ్మును రెండు చేతులతో గల్లీలోకి తోసింది. దాని వెనక ఇంకో డ్రమ్ము. బిందెలు, బకెట్లు, చెంబులు. ఎండాకాలం మొదట్లో, నీళ్లున్న రోజున, ఆ గల్లీ నీళ్లతో తడిసి గుట్ట దిగువకు పారింది.

తొమ్మిదింటికి దివ్య వచ్చేసరికి ఆ తడి ఇంకా ఆరలేదు. ఐలయ్య దాచకుండా అంతా చెప్పాడు. ఆ పిల్ల చాలాసేపు ఫోన్‌లో పాత ఫొటోలు పైకీ కిందికీ జరుపుతూ ఉండిపోయింది.

"ఈ ఫొటోలు పది బస్తీలకి నేనే చూపించానండి" అంది చివరికి. "పుస్తకం ప్రకారం ఈ ఫ్రాంచైజీ ఇవాళ్టి నుంచి మీది కాదండి ఐలయ్య గారూ."

"తెలుసమ్మా. ఆ పేజీ మాత్రం చదివిన." ఐలయ్య బొత్తాలు విప్పడం మొదలుపెట్టాడు.

"చొక్కా తర్వాత ఇవ్వచ్చండి."

"వద్దమ్మా. గిది తొడుక్కుని వెతికితే ఎవ్వలు నమ్ముతరు?" అని విప్పి ఆమె చేతిలో పెట్టాడు. చిరుగుల బనీనుతో నిలబడ్డాడు. మరమ్మతు చేసేవాళ్లు బాలానగర్ నుంచి బయల్దేరారు. ఈలోగా పగులు వెతకడానికని, నల్లాలన్నీ కట్టించి వాల్వు రెండు చుట్లు తిప్పించి పైపులోకి నీళ్లు వదిలించింది దివ్య.

ఐలయ్య కడ్డీ పట్టుకుని, కేబుల్ కోసం తవ్విన చోట, మోరీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. కడ్డీ ఆనించడం, వినడం, జరగడం. ఎవరూ దగ్గరికి రాలేదు. ఛాయ్ తాగుతావా అని అడగలేదు. టిఫిను డబ్బాతో దవాఖానకు బయల్దేరిన చెన్నమ్మ ఒక్కతే ఆయన దగ్గర ఆగింది.

"రేఖకు ఎట్లుందంట చెల్లె?"

"ఇంకా కండ్లు తెరుస్తలేదంట. కడ్డీల ఏం వినబడ్తుంది?"

ఇంకో రోజైతే ఆ ప్రశ్నకు మంజీర నుంచి కథ మొదలుపెట్టేవాడు.

"ఏం వినబడ్తలేదు" అన్నాడు. "చెవులు గూడ జలుబుతోని మూసుకున్నయ్. నా మాట నమ్మకు. నువ్వే పెట్టి చూడు."

చెన్నమ్మ టిఫిను డబ్బా కింద పెట్టి, కొంగు దోపుకుని వంగింది. కడ్డీ చెవిలో పెట్టుకుంది. ఒక అడుగు జరిగింది, ఇంకో అడుగు జరిగింది. మూడోచోట ఆగింది.

"పాము బుస కొట్టినట్టుంది."

ఐలయ్య ఆ పామును మొసలిలా పెంచలేదు, పామంతే ఉండనిచ్చాడు. జేబులోని సుద్దముక్క కోసం చెయ్యి ఛాతీ మీదికి పోయి, చొక్కా లేదని గుర్తొచ్చి, కింద పడివున్న సున్నపు రాయి తీసుకుని, ఆమె చూపిన చోట, తవ్వడానికి గుర్తుగా గీత గీశాడు.