కన్నయ్య ఒడ్డు చేరేదాకా

మద్రాసు నుంచి సినిమావాళ్ళు పలాసలో రైలు దిగి, నాలుగు ఎడ్లబళ్ళ నిండా పెట్టెలు వేసుకుని అక్కుపల్లి వచ్చారు. ఆ ఊరి ఆడవాళ్ళలో టాకీ చూసినవాళ్ళు ఇద్దరే, అదీ టెక్కలిలో డేరా కింద. అయినా నాయిక వేషం కట్టే జగదాంబ పేరు వినని వాళ్ళు లేరు. ఎంత గొప్పగా దిగుతుందో అనుకుంటే, ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో అందరితో పాటే నడిచి వచ్చింది.

ఒడ్డున నిలబడి తెప్పల కోసం చూడటమే పని అని చెబితే పదిమంది ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. అది వాళ్ళు రోజూ చేసేదే. వాళ్ళలో చిన్నమ్మి చిన్నది, పెళ్ళయి నాలుగు నెలలు. ముఖం కళగా ఉందని డైరెక్టరు కామేశ్వరరావు ఆమెను జగదాంబ పక్కనే నిలబెట్టాడు. పొద్దున్నంతా ఆ ఇద్దరినీ కలిపే తీశారు.

తర్వాత రెండో ఘట్టం చెప్పారు. కథలో తెప్ప మునిగింది, నాయిక మొగుడు తిరిగిరాడు. ఆడవాళ్ళంతా జుట్టు విరబోసుకుని గుండెలు బాదుకోవాలి. ఏడుపు గొంతులు మద్రాసు వెళ్ళాక కలుపుకుంటాం, మీరు కదిలితే చాలు అన్నాడు కామేశ్వరరావు.

ఒక్కరూ కదల్లేదు. మగవాళ్ళు సముద్రం మీద చేపల వేటలో ఉండగా ఒడ్డున జుట్టు విప్పే ఆడది ఆ ఊళ్ళో లేదు. చివరికి ఇంటిల్లిపాదీ ఒడ్డునే ఉన్న నలుగురు ముందుకొచ్చారు. మిగిలినవాళ్ళను డైరెక్టరు పొమ్మన్నాడు. కానీ చిన్నమ్మిని పంపడానికి లేదు. పొద్దుటి నుంచీ నాయిక పక్కన ఉన్న మనిషి ఇప్పుడు మాయమైతే బొమ్మ అతకదు.

చిన్నమ్మి రెండు చేతులతో కొప్పు పట్టుకుంది. మొగుడు కన్నయ్య తెల్లారకముందే వేటకి వెళ్ళాడు. వెనక నుంచి అత్త పైడితల్లి గట్టిగానే అంది:

“నా కొడుకు దరి సేరీదాకా ఆ సేతులు కిందికి దించితివా, నా గుమ్మం తొక్కనివ్వను.”

కామేశ్వరరావు మొదట నచ్చజెప్పాడు, తర్వాత కసిరాడు. పొద్దు నెత్తి మీదికి వస్తోంది, అది పడమటికి తిరిగితే ముఖాలు నల్లగా పడతాయి, సాయంత్రం రైలుకి మళ్ళీ పలాస చేరాలి. ఇదంతా ఉత్తుత్తిదే కదా అన్నాడు. చిన్నమ్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ చేతులు దిగలేదు.

జగదాంబ దగ్గరికొచ్చి, ఏమైందమ్మా అని అడిగింది.

“మావ నీటి మీదున్నాడమ్మా. మీకు ఉత్తుత్తిదే. గంగమ్మకేటి తెలుత్తాది?”

జగదాంబ డైరెక్టరుతో, ఆ అబ్బాయి వచ్చేదాకా నేనూ ఏడవలేనండీ, రైలు రేపైనా ఉంటుంది అంది. అని, ఒడ్డుకు లాగిపెట్టిన తెప్ప నీడలో చిన్నమ్మి పక్కన కూలబడింది. కామేశ్వరరావు టోపీ తీసి విసనకర్రలా విసురుకుంటూ ఇంకో తెప్ప మీద కూచున్నాడు.

గాలి ఒడ్డుకు తిరిగాక తెప్పలు రావడం మొదలైంది. ఒకటి, రెండు, అయిదు. ఏ తెప్ప ఎవరిదో జగదాంబ అడగడం, చిన్నమ్మి చెప్పడం. ఎనిమిదోది వచ్చింది. తొమ్మిదోది రాలేదు. చిన్నమ్మి చెప్పడం మానేసింది. జగదాంబ అడగడం మానేసి ఆమె మోచెయ్యి పట్టుకుంది. కెమెరా మనిషి దగ్గర్నుంచి అందరూ నీళ్ళ వైపే చూస్తున్నారు. పైడితల్లి పెదవులు మొక్కుకుంటున్నట్టు కదులుతున్నాయి.

చాలాసేపటికి చుక్కలాంటిది కనబడింది.

“అదే,” అని చిన్నమ్మి లేచి నిలబడింది. ఎంత విసురుగా లేచిందంటే, మోచెయ్యి వదలని జగదాంబ కూడా లేవాల్సి వచ్చింది.

కన్నయ్య ఒడ్డెక్కాక, వెండికాగితం అంటించిన అట్టలతో ఎండను ముఖాల మీదికి మళ్ళించి, ఘట్టం మొదలుపెట్టారు. ఇప్పుడు ఇంకో చిక్కు. చిన్నమ్మి జుట్టయితే విప్పింది గానీ, మొగుడు కెమెరా వెనకే తడిబట్టలతో నిలబడి చూస్తుంటే నవ్వు ఆగడం లేదు. జగదాంబ తల తిప్పకుండా, ఆమెకొక్కదానికే వినపడేలా అంది:

“ఎనిమిదో తెప్ప వచ్చాక మనం ఎలా కూచున్నామో, ఒక్కసారి తలుచుకో.”

చిన్నమ్మి తలుచుకుంది. లోపల బిగబట్టినదంతా ఒక్కసారిగా తెగింది. ఇసకలో మోకాళ్ళ మీద పడి, మునిగినవాడు నిజంగా తనవాడే అయినట్టు ఏడ్చింది. ఆమెను పట్టుకుని జగదాంబా ఏడ్చింది. కామేశ్వరరావు చూస్తుండగానే, కన్నయ్య కెమెరా ముందుకు పరిగెత్తాడు.

“ఊరుకోయే, నానిక్కడే ఉన్నాను గదేటి.”

డైరెక్టరు టోపీ ఇసకకేసి కొట్టాడు. జగదాంబ కళ్ళు తుడుచుకుంటూ, అబ్బాయి కనబడక ముందు పడిందే చాలు, అక్కడికి కత్తిరించుకోండి అంది. కెమెరా మనిషి కూడా చాలన్నట్టు తలూపాడు.

పలాస రైలు అందే వేళ దాటిపోయింది. చిన్నమ్మి అది గుర్తొచ్చి నొచ్చుకుంటుంటే, జగదాంబ ఆ మాట పట్టించుకోకుండా, ఎందుకు ఆలస్యమైందని కన్నయ్యని అడిగింది. వల రాయికి పట్టేసిందట, విడిపించుకునేసరికి ఇంతసేపు పట్టిందట. ఆ సంగతి చెబుతూ అతను ఇసకవైపే చూస్తున్నాడు.

“ఇవాళ నీకోసం ఇద్దరం చూశాం నాయనా,” అంది జగదాంబ. “ఈసారి వల పోతే పోనీ. నువ్వు వేళకి రా.”