వరహాలమ్మ చేతిలో ఆకురంగు పట్టీ

నేను ఒక జానెడు ప్లాస్టిక్ పట్టీని. ఒంటి మీద లేత నుంచి ముదురు దాకా నాలుగు ఆకుపచ్చలు. అంతకు మించి చదువు లేదు. వరి ఆకును నా పక్కన పెట్టి చూస్తే, పైరుకి యూరియా ఇంకా కావాలో, ఉన్నది చాలో తెలిసిపోతుంది. ఎక్కువైన ఎరువు నేలలోకి దిగి తాగే నీళ్లను పాడు చేస్తోందని, ప్రభుత్వం సొమ్ము పోసి మమ్మల్ని వేలల్లో చేయించింది. షామియానా వేసి, ఫోటోలు తీయించి, ఊరందరికీ ఊరికే పంచింది. ఊరికే వచ్చినదానికి విలువెక్కడిది? నా తోబుట్టువులు కొందరు వీపు గోకడానికి, కొందరు ఈగలు తోలడానికి కుదురుకున్నారు.

నన్ను మాత్రం కౌలురైతు వరహాలమ్మ నమ్మింది. ఆమె కోడలికి పాలు పడలేదు. రెండు నెలల మనవరాలికి డబ్బా పాలు కలిపేది చేల మధ్య బోరు నీళ్లతోనే. అందుకే నేను చాలంటే ఆమె చెయ్యి ఆగిపోయేది. పక్క చేను అబ్బులు గట్టు మీద నుంచి ఎగతాళి చేసేవాడు.

"నీ చేనుకి కామెర్లొచ్చినట్టున్నాయే పిన్నీ! ఇంకో బస్తా జల్లు."

"నువ్వూ ఓపాలి ఆకెట్టి చూడరా. మనందరం తాగే నీళ్లొకటే కదరా," అంటూ ఆమె నన్ను చాచేది.

"ఆ పలకముక్కేం పండిత్తాదే!"

ఆమె ఇంటింటికీ తిరిగి బతిమాలింది. ఎవరూ వినలేదు. చేల మధ్య గట్లుంటాయి గానీ, నేల కింద నీటికి గట్లేవీ? ఇక ఆమెకు తోచింది నీళ్లు మరగబెట్టడం. సగానికి సగం ఇగిరేదాకా కాచి, చల్లార్చి, పాలు కలిపేది. కాస్తే పురుగు చస్తుంది. ఎరువు విషం చావదు, ఇంకా చిక్కబడి పసిపిల్లల నెత్తురుకి ఊపిరి అందనివ్వదు. ఆ సంగతి షామియానా కింద ఎవరూ చెప్పలేదు. పిల్ల మీద ఎంత ప్రేమో అంతసేపూ మరిగించింది పిచ్చితల్లి.

ఇవాళ పొద్దున పిల్ల ఏడవడం మానేసింది. పెదాలు, గోళ్లు నీలంగా మారాయి. అబ్బులే పరుగున ఆటో తెచ్చాడు. కోడలు బిడ్డను గుండెకు అదుముకుని వెక్కుతోంది. రోడ్డుకి రెండు పక్కలా వరి చేలు ముదురుగా నిగనిగలాడుతున్నాయి.

"ఆసుపత్రి ఇంకెంత దూరంరా అబ్బులూ?"

"వచ్చేత్తన్నాం పిన్నీ, వచ్చేత్తన్నాం," అంటూ వాడు రోడ్డు వైపే తొంగి తొంగి చూస్తున్నాడు.

వరహాలమ్మ ఏం చేయాలో తోచక రొంటిన ఉన్న నన్ను లాగి, పిల్ల పెదవి పక్కన పెట్టింది. "ఇందాకటికన్నా ముదిరిందా, తగ్గిందా? చెప్పవే! చెప్పు!"

ఆమె అడుగుతున్నది నన్నే. నేనేం చెప్పను తల్లీ? పసిబిడ్డ పెదవి రంగు చదవడం నాకెవరూ నేర్పలేదు.